వెలుగు పడాల్సింది దారి మీద!

మండపేట నుంచి ఏ వైపు బయల్దేరినా కాసేపటికి ఓ కాలవ తోడొస్తుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేలు, మధ్యలో మనం. పగలైతే ఇంతకన్నా చల్లని ప్రయాణం ఉండదు. కొబ్బరిచెట్ల నీడలు రోడ్డుకి అడ్డంగా పరుచుకుంటాయి. కొంగలు తీరిగ్గా గట్టు దిగుతుంటాయి. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని ఈ నేలకి కాలవలొచ్చాయి. కాలవలతో గట్లొచ్చాయి. గట్ల మీద దారులొచ్చాయి. కాటన్ దొర కాలంలో వాటి మీద నడిచింది ఎడ్లబళ్లు. ఇప్పుడు అవే గట్ల మీద ధాన్యం లారీ, కోడిగుడ్ల వ్యాను, కాలేజీ బస్సు, గడ్డిమోపు కట్టిన మోపెడ్... అన్నీ ఒకదానికొకటి ఎదురొస్తాయి.

రాత్రయితే ఆ దారే వేరు. చాలాచోట్ల వీధి దీపం ఉండదు. గట్టుకీ నీళ్లకీ మధ్య గోడా ఉండదు. సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. రాశి మీద నల్ల బరకం, బరకం ఎగిరిపోకుండా అంచున రాళ్లు. ట్రాక్టరు తొట్టికి వెనక ఎర్రదీపం ఉంటే మన అదృష్టం. సంక్రాంతి ముందు తెల్లవారుజామున పొగమంచు సరేసరి. ఇలాంటి చోట మనకీ కాలవకీ మధ్యనున్న కంచె ఒక్కటే... బండి ముందుండే రెండు దీపాలు!

అందుకే ఈమధ్య మా ఇంట్లో హెడ్‌లైట్ల మీద జరిగినంత చర్చ పెళ్లిసంబంధాల మీద కూడా జరగలేదు.

బాబాయి పడ్డ చోటు

మా బాబాయిది మోపెడ్. ఇరవై ఏళ్లుగా అదే. రెండేళ్ల కిందట డిసెంబరులో పొరుగూళ్లో పని చూసుకుని రాత్రి ఎనిమిదింటికి ఇంటికొస్తున్నాడు. ఎదురుగా ఓ పెద్ద బండి వచ్చింది. మామూలు లైట్లు చాలవన్నట్టు దాని బంపరు మీద బారెడు పొడవున లైట్ల పట్టీ.

'తెల్లగా పిడుగు పడ్డట్టయిందిరా. ఆ తర్వాత రోడ్డు లేదు, గట్టు లేదు, నేనూ లేను' అంటాడు బాబాయి. మోపెడ్ ఎడమకి కోసుకుపోయి పంటబోదెలో పడ్డాడు. కాలు విరిగింది. మూడు నెలలు మంచం. అదే దారిలో అటు వెళ్తూ ఉన్నట్టయితే ఎడమ పక్కనుండేది బోదె కాదు, కాలవ!

ఆ బండి ఆగలేదు. ఎవరిదో ఇప్పటికీ తెలీదు. తన వల్ల ఓ మనిషి పడ్డాడన్న సంగతి ఆ నడిపినవాడికి తెలిసుండకపోవచ్చు కూడా. వెలుగు వెనకున్నవాడికి వెలుగులో చిక్కుకున్నవాడి అవస్థ కనిపించదు.

ఇక్కడో చిన్న లెక్క. గంటకి 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 11 మీటర్లు. కళ్లు బైర్లుకమ్మి తేరుకోవడానికి మూడు సెకన్లు పట్టిందనుకోండి, 33 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. గట్టు రోడ్డు వెడల్పు అందులో నాలుగో వంతు కూడా ఉండదు.

పాతరకం మోపెడ్లలో ఇంకో తిరకాసుంది. వాటి హెడ్‌లైటుకి కరెంటు బ్యాటరీ నుంచి కాదు, ఇంజనుతోపాటు తిరిగే యంత్రం నుంచి నేరుగా వస్తుంది. యాక్సిలరేటరు తిప్పితే వెలుగు పెరుగుతుంది, వదిలితే మిణుకుమంటుంది. అంటే జాగ్రత్తగా నెమ్మదించినవాడికి చీకటి, దూకుడుగా పోయేవాడికి వెలుగు! లోకం తీరంతా ఆ బల్బులోనే ఉంది.

మావయ్య పంతం

బాబాయి కథ అలా ఉండగానే మావయ్య ఫోన్ చేశాడు. మండపేటలో మావయ్యకి ఓ పాత జీపుంది. నాలుగు చక్రాలకీ ఇంజను శక్తి అందే రకం. కపిలేశ్వరపురం అవతల లంకలో అరటితోట ఉంది కాబట్టి ఆయనకి ఆ జీపు సరదా కాదు, అవసరం. నేను పత్రికలో ఆదివారం పేజీలకి రాస్తాను కాబట్టి ప్రపంచంలో సమస్తం నాకు తెలుసని ఆయన గట్టి నమ్మకం.

'అల్లుడూ, దీపాలు గుడ్డివైపోయాయి. మంచివి వేయిద్దామా, బండే మార్చేద్దామా?'

హైదరాబాద్‌లో ఉన్న బావలిద్దరూ అప్పటికే తీర్పు చెప్పేశారు. పెద్ద బావ థార్ అంటాడు, చిన్న బావ జిమ్నీ అంటాడు. మావయ్య మనసులో మాత్రం వేరే ఉంది. కొత్త బండి సంగతి తర్వాత, ముందు జీపు నెత్తిన ఓ లైట్ల పట్టీ బిగించాలి.

'బాబాయికి అలా అయింది కదా, మనమూ అదే పెడితే ఎలా మావయ్యా?' అన్నాను.

'అందుకేరా! ఎదుటివాడు కళ్లలో కొడుతుంటే మనం తలొంచుకుపోవాలా? మనమూ కొడితేగానీ వాడికి తెలీదు.'

ఈ మాట కొట్టిపారేయలేం. ఇవాళ రోడ్డు మీద ప్రతివాడి వాదనా ఇదే. ఒకడు లైటు పెంచితే రెండోవాడికి కనిపించడం మానేస్తుంది. వాడూ పెంచుతాడు. మూడోవాడూ పెంచుతాడు. చివరికి పెంచుకునే స్తోమత లేని మోపెడ్ వాడు బోదెలో పడతాడు.

మావయ్యని ఒక్క విషయానికి మాత్రం ఒప్పించగలిగాను. పట్టీ కొనేముందు ఉన్న లైట్లు ఎందుకు మసకబారాయో కనుక్కుందామని.

కరెంటు దారిలో పోతోంది

కలువపువ్వు సెంటరుకి కాస్త దూరంలో ఓ ఆటో ఎలక్ట్రీషియను కొట్టుకి తీసుకెళ్లాం. ఆయన బల్బు వంక కూడా చూడలేదు. ఇంజను స్టార్ట్ చేయించి బ్యాటరీ దగ్గర మీటరు పెట్టాడు. దాదాపు 14 వోల్టులు చూపించింది. అదే మీటరు హెడ్‌లైటు వెనక, బల్బు కాళ్ల దగ్గర పెట్టాడు. 11 కూడా లేదు!

'చూశారాండీ, బల్బు తప్పేం లేదండి. అన్నం వండారు, విస్తరి దాకా రాట్లేదంతేనండి' అన్నాడు.

మీటరు ముందు ఇంకేం మాట్లాడతాం! పాత బళ్లలో హెడ్‌లైటు కరెంటు బ్యాటరీ నుంచి స్టీరింగు దగ్గరి స్విచ్చికి, అక్కడి నుంచి డిప్పర్‌కి, మళ్లీ ముందుకి తిరిగి వస్తుంది. సన్నటి వైర్లు, చిలుము పట్టిన క్లిప్పులు, వదులైన ఎర్తు... ప్రతిచోటా కాస్త కాస్త కారిపోతుంది. బల్బులో తీగ విషయమేమిటంటే, వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు పదోవంతు తగ్గి ఊరుకోదు. దాదాపు 30 శాతం పడిపోతుంది. ఐదోవంతు తగ్గితే సగానికి సగం పోతుంది!

దీనికి మందు రిలే. బ్యాటరీ నుంచి లావాటి వైరు, మధ్యలో ఫ్యూజు వేసి నేరుగా హెడ్‌లైటుకి తెస్తారు. పాత స్విచ్చి ఇక కరెంటు మొయ్యదు, రిలేకి 'వెలిగించు' అని కబురు మాత్రమే పంపుతుంది. ఎర్తు తీగ కొత్తది వేసి, బాడీ మీద రంగు గీకి, ఇనుముకి గట్టిగా బిగిస్తారు. మధ్యాహ్నం భోజనం వేళకి పని పూర్తయింది. ఖర్చు మావయ్య కొందామనుకున్న లైట్ల పట్టీ ధరలో చిన్న ముక్క. బల్బులు అవే. వెలుగు మాత్రం పెళ్లిపందిట్లోలా వచ్చింది.

బండి ఏదైనా ముందు చూసుకోవాల్సింది ఈ కరెంటు దారే. ఆ తర్వాత అద్దం. జీపుకున్నలాంటి గుండ్రటి గాజు అద్దాలు మసకబారవు గానీ లోపలి వెండిపూత తుప్పుపడుతుంది. అప్పుడు మొత్తం మార్చడమే. ఇప్పటి కార్లవి ప్లాస్టిక్ అద్దాలు. ఎండకి పచ్చబడి, పొర కమ్ముతాయి. మెరుగుపెట్టిస్తే మళ్లీ తేటపడతాయి. ఇక కోతల కాలంలో మన డెల్టాలో లైటు చుట్టూ ముసిరే పురుగుల సంగతి వేరే చెప్పాలా? ఒక్క రాత్రి ప్రయాణానికే అద్దం మీద పొరలా అంటుకుపోతాయి. తడిగుడ్డకి మించిన 'అప్‌గ్రేడ్' లేదప్పుడు!

బల్బు మారిస్తే ఏమవుతుంది?

ఎక్కువ వాట్ల బల్బు వేయిస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. మన బళ్లలో ఎక్కువగా కనిపించే హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. అంటే బ్రైటుకి 60, డిప్పుకి 55. దుకాణాల్లో 100/90 వాట్లవీ దొరుకుతాయి. కానీ పాత వైర్లకి 55 వాట్ల కరెంటు మొయ్యడమే గగనంగా ఉంటే, ఒకటిన్నర రెట్లకి మించి ఎక్కడ మోస్తాయి? వైరు వేడెక్కుతుంది, స్విచ్చి కరుగుతుంది. ఒక్కోసారి మంటలూ వస్తాయి.

పోనీ ఎల్‌ఈడీ? కంపెనీ వాళ్లే ఎల్‌ఈడీకని తయారుచేసిన హెడ్‌లైటైతే చక్కగా ఉంటుంది. చిక్కల్లా హాలోజన్ గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు దూర్చినప్పుడే. హెచ్4 బల్బులో రెండు తీగలుంటాయి. డిప్పు తీగ కింద చిన్న రేకు దోనె ఉంటుంది. వెలుగు పైకి లేవకుండా ఆపేది ఆ దోనే. గిన్నె వంపు మొత్తం ఆ తీగ ఎక్కడుందో లెక్కగట్టి చేసిందే. తీగ స్థానం మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు దారితప్పుతుంది. ఆకారమే వేరైన బల్బు పెడితే దారి మీద పడాల్సింది కొబ్బరాకుల మీదా, ఎదుటివాడి మొహం మీదా పడుతుంది. నడిపేవాడికి దగ్గరంతా తెల్లగా వెలిగిపోతూ 'ఆహా' అనిపిస్తుంది. అసలు చూడాల్సిన దూరం మాత్రం మునుపటికన్నా నల్లగా ఉంటుంది.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది హెడ్‌లైటు కిందికి వంగి ఉండాలంటుంది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిపక్కగా, మీటరున్నర ఎత్తులో ఎవరి కన్నున్నా ఆ కన్ను చెదరకూడదు. మీటరున్నర ఎత్తు అంటే ఏమిటో తెలుసా? ఇంచుమించు మోపెడ్ మీద కూర్చున్న మా బాబాయి కళ్ల ఎత్తు!

పూర్వం లారీలకీ బస్సులకీ హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు పూసి ఉండేది, గుర్తుందా? చిన్నప్పుడు దిష్టి తగలకుండా అనుకునేవాళ్లం. అది ఎదుటివాడి కంటి కోసం పెట్టిన కాటుక.

గురి కుదరాలి

దీపం మంచిదైతే చాలదు, గురి కుదరాలి. దీనికి యంత్రాలక్కర్లేదు. సమమైన నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలిపి డిప్పు వెయ్యండి. గోడ మీద వెలుగు పై అంచు హెడ్‌లైటు ఎత్తుకన్నా ఓ 10 సెంటీమీటర్లు కిందుండాలి. పైకుంటే ఎదుటివాడికి నరకం, మరీ కిందుంటే మనకి నరకం.

సరుకు వేసినప్పుడు ఈ గురి మారిపోతుంది. వెనక నాలుగు బస్తాలు వేస్తే ముందు భాగం లేచి, డిప్పు లైటు కూడా నక్షత్రాలు లెక్కపెడుతుంది. చాలా కార్లలో స్టీరింగు పక్కన 0, 1, 2, 3 అని అంకెలున్న చిన్న చక్రం ఒకటుంటుంది. బరువును బట్టి దీపం వంచడానికే అది. కొన్న రోజు నుంచి అమ్మే రోజు దాకా దాన్ని ముట్టనివాళ్లే ఎక్కువ.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన తంటా ఇంకొకటుంది. కువైట్ నుంచో, దుబాయ్ నుంచో వస్తూ కొందరు అక్కడి హెడ్‌లైట్లు ముచ్చటపడి తెస్తుంటారు. అక్కడ బళ్లు కుడి పక్కన నడుస్తాయి. డిప్పు వెలుగు తమ అంచు పక్క, అంటే కుడివైపు, కాస్త పైకి ఎగసేలా అద్దం గీస్తారు. దాన్ని తెచ్చి మన రోడ్డు మీద బిగిస్తే ఆ ఎగసే వెలుగు తిన్నగా ఎదురొచ్చేవాడి కళ్లలోకే! వస్తువు మంచిదే, దేశమే మారింది.

మావయ్య జీపుకి గురి సరిచేయించాం. పట్టీ ఊసు ఆయన మళ్లీ ఎత్తలేదు. అలాగని మానేశాననీ అనలేదు.

పుంతలో పరీక్ష

ఇక బండి సంగతి. తొలకరి తర్వాత ఓ ఆదివారం బావలిద్దరూ ఓ స్నేహితుడి బండి వేసుకుని దిగారు. పేరెందుకులెండి... ఎత్తయిన బండి, పెద్ద చక్రాలు, చూడగానే కొండల్ని పిండి చేస్తుందనిపించే మొహం. అందరం కలిసి లంకకి బయల్దేరాం. జీపు వెనక ఆ బండి.

తారు రోడ్డు దాటి పుంతలోకి దిగాక అసలు కథ మొదలైంది. మన డెల్టా పుంతని చూసినవాళ్లకే తెలుస్తుంది. ఎండాకాలం సిమెంటు, వానాకాలం వెన్న. బంకమట్టి టైరు గాళ్లలో నిండిపోయి టైరు కాస్తా నున్నటి గుండు అయిపోతుంది. వంద గజాలు వెళ్లేసరికి పెద్ద బండి ఒక పక్కకి ఒరిగి ఆగింది. యాక్సిలరేటరు తొక్కితే ఒక్క వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. రెండోది కదలదు. చివరికి పక్క చేలో దమ్ము చేస్తున్న ట్రాక్టరొచ్చి గొలుసేసి లాగింది.

ఎందుకలా అయింది? మామూలు బండిలో ఇంజను శక్తి రెండు చక్రాలకే వెళ్తుంది. ఆ రెంటి మధ్యా ఉండే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల పెట్టె, ఏ చక్రానికి పట్టు తక్కువుందో అటే తిప్పుతుంది. మలుపుల్లో అది వరం, బురదలో శాపం. ఎత్తు ఎంతుంటే ఏం లాభం, పట్టున్న చక్రానికి శక్తి అందకపోతే?

అందుకే పుంతలకీ, లంకలకీ బండి కొనేవాళ్లు చూడాల్సింది మొహం కాదు, పొట్ట కింద సంగతి. మొదటిది, నాలుగు చక్రాలకీ శక్తి అందుతుందా? బండి పేరు చూసి మోసపోకూడదు. 2020 అక్టోబరులో వచ్చిన కొత్త తరం థార్ మొదట్లో ఫోర్ బై ఫోర్‌గానే అమ్మారు. 2023 జనవరి నుంచి వెనక చక్రాల శక్తితో మాత్రమే నడిచే రకం కూడా వచ్చింది. తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకి అది చాలు, ధరా తక్కువ. బురదలోకి మాత్రం ఏది కొంటున్నామో చూసి కొనాలి.

రెండోది, లో గేరు పెట్టె. నడక వేగంలో, ఏనుగు బలంతో లాగేది అదే. మూడోది, గిర్రున తిరిగే చక్రాన్ని ఆపి రెండో చక్రానికి బలమిచ్చే లాకు. ఫోర్స్ గూర్ఖాకి ముందూ వెనకా రెండు చోట్లా ఈ లాకులుంటాయి. 2021లో వచ్చిన బొలేరో నియోలో ఒక రకానికి నాలుగు చక్రాల శక్తి లేకపోయినా వెనక మాత్రం ఈ లాకు పెట్టారు. నాలుగోది, బరువు. మెత్తటి నేల మీద తేలికైనవాడిదే రాజ్యం. 2023 జూన్‌లో మన మార్కెట్లోకొచ్చిన జిమ్నీ, థార్ కన్నా దాదాపు 500 కిలోలు తేలిక. 1985లో వచ్చిన మారుతి జిప్సీని సైన్యం అన్నేళ్లు వాడటానికి ఆ తేలికదనం కూడా ఓ కారణమే.

ఇవన్నీ ఉన్నా టైరు సరైంది కాకపోతే దండగ. లంక ఇసుకలో దిగబడితే ముందు చెయ్యాల్సింది యాక్సిలరేటరు తొక్కడం కాదు, గాలి తియ్యడం. మామూలుగా ముప్పై దాటి ఉండే గాలి పదిహేను, పద్దెనిమిదికి దించితే టైరు వెడల్పుగా పరుచుకుని పైకి తేలుతుంది. మళ్లీ తారు రోడ్డెక్కగానే నింపుకోవాలి, లేదంటే టైరు వేడెక్కి చీరుకుపోతుంది. ఈ విద్యకి కావాల్సింది చిన్న గాలిపంపు. 

నీళ్ల విషయంలో మాత్రం ఏ బండి గొప్పా చెల్లదు. థార్ 65 సెంటీమీటర్ల నీటిలో, గూర్ఖా 70 సెంటీమీటర్ల నీటిలో వెళ్లగలవని కంపెనీలు చెబుతాయి. అది నిలవనీటి మాట. పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కార్లని, రెండడుగులుంటే చాలా పెద్ద బళ్లని కూడా తోసుకుపోతాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి గోదారి వచ్చింది. ఆ వరద చూసిన లంక పెద్దలెవర్నైనా అడగండి, గోదారి వచ్చినప్పుడు ఫోర్ బై ఫోర్ అంటే నాటు పడవేనని చెబుతారు.

'అయితే ఏది కొనమంటావురా?' అన్నాడు మావయ్య ట్రాక్టరు వాడికి డబ్బులిస్తూ. 'ఏది కొన్నా వానాకాలం, మన పుంతలో ఓసారి నడిపి చూశాకే' అన్నాను. బావలిద్దరూ బురద కాళ్లతో మౌనంగా తలూపారు.

అసలు మసక ఎక్కడుంది?

ఆ రోజు లంక నుంచి వచ్చేసరికి చీకటి పడింది. నేను జీపులో మావయ్య పక్కన కూర్చున్నాను. లైట్లు ధగధగలాడుతున్నాయి. నాకు గట్టు అంచున గడ్డిపరక కూడా కనిపిస్తోంది. ఎదురుగా ఓ లారీ వచ్చింది, మర్యాదగా డిప్పు కొట్టింది. అయినా మావయ్య చేత్తో కళ్లకి అడ్డం పెట్టుకున్నాడు. లారీ దాటిపోగానే మా ముందు రోడ్డు వారగా ఆగి ఉన్న తొట్టి నాకు స్పష్టంగా కనిపించింది. మావయ్య వేగం తగ్గించలేదు.

'మావయ్యా, తొట్టి!' అని అరిచాను. బ్రేకు పడింది. తొట్టికీ మాకూ మధ్య రెండు బారల దూరం.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే అన్నాడు, 'లైట్లు ఇంకా చాలట్లేదురా.'

చాలకపోవడమేమిటి? అదే వెలుగులో నేను చూడలేదూ! అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ బ్యాటరీ నుంచి బల్బు దాకా వెతికాం. బల్బు నుంచి రోడ్డు దాకా వెతికాం. రోడ్డు నుంచి మావయ్య దాకా ఉన్న చివరి మెట్టు ఎవరం చూడలేదు.

వారం తిరక్కుండా రాజమండ్రిలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడికంటిలో బాగా ముదిరింది. ఎదుటి లైటు చుట్టూ వలయాలు కనిపించడం, వెలుగు పొగలా చెదిరిపోవడం, బండి దాటిపోయాక చాలాసేపు ఏమీ కనబడకపోవడం... మావయ్య చెప్పిన ప్రతి లక్షణానికీ డాక్టరు తలూపారు. శుక్లం లేకపోయినా వయసు తన పని తాను చేస్తుందట. అరవై ఏళ్లవాడి కంటి లోపలి పొరకి చేరే వెలుగు, ఇరవై ఏళ్లవాడికి చేరేదాంట్లో ఇంచుమించు మూడో వంతే. కంటిపాప చీకట్లోనూ పూర్తిగా విచ్చుకోదు, లోపలి కటకం పచ్చబారుతుంది. మోటారు కంపెనీ వాళ్లు ఈ బల్బుకి రిలే వెయ్యలేరు.

ఇంకో లెక్క కూడా మావయ్యకి కాగితం మీద వేసి చూపించాను. డిప్పు లైటులో మనకి పనికొచ్చేంతగా కనిపించేది 40 నుంచి 60 మీటర్ల దాకా. 60 వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అడ్డం చూసి, బ్రేకు మీదికి కాలు వెళ్లేసరికి ఓ సెకనున్నర, అంటే 25 మీటర్లు. బ్రేకు పడ్డాక బండి ఆగేసరికి పొడి రోడ్డు మీద ఇంకో 20. మొత్తం 45. అంటే కుర్రాడికైనా డిప్పులో 60 అనేది హద్దు. 80లో ఈ లెక్క దాదాపు 70 మీటర్లవుతుంది. మనకి కనిపించని చోటికి మనమే పరుగెత్తుకుంటూ వెళ్తున్నట్టన్నమాట. తడి రోడ్డయితే ఇంకా ఎక్కువ. చూపు మందగించినవాడికి మరీనూ.

మావయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆపరేషన్లు పూర్తయ్యేదాకా రాత్రిపూట స్టీరింగు ముట్టనన్నాడు. ఒప్పుకోవడానికి ఆయనకి కష్టమే అయింది. ఊళ్లో జీపు మావయ్య అంటే ఆయనే మరి. ముందు కుడి కన్ను, నెల తర్వాత ఎడమ కన్ను అయ్యాయి. డాక్టరు సరేనన్నాక ఓ రాత్రి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఏటిగట్టు మీద కొంతదూరం నడిపాడు. ఎదురొచ్చిన మొదటి బండికే డిప్పు కొట్టాడు. రెండో బండి వాడు కొట్టలేదు. మావయ్య పళ్లు నూరలేదు, పోటీకి బ్రైటు వెయ్యలేదు. కొద్దిగా వేగం తగ్గించి, చూపు రోడ్డు ఎడమ అంచు మీద నిలిపి దాటించాడు. డాక్టరు దగ్గర కన్నా ఎలక్ట్రీషియను దగ్గర కన్నా నాకు అప్పుడే ఎక్కువ ధైర్యమొచ్చింది.

కొత్త బండి ఇంకా కొనలేదు. బావల వాదన ఇంకా తెగలేదు. వచ్చే తొలకరికి పుంతలో పందెం పెట్టుకున్నారు. పాత జీపుకి పదిహేనేళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ, తనిఖీకి వెళ్తూ మావయ్య నెట్టుకొస్తున్నాడు. పట్టీ కోసం దాచిన డబ్బులో కొంతతో మాత్రం ఓ పని చేశాడు. ఎర్రగా, తెల్లగా మెరిసే రేడియం టేపు చుట్టలు కొన్నాడు. లంక నుంచి అరటిగెలలు తెచ్చే ట్రాక్టర్ల తొట్లకీ, పాలేళ్ల సైకిళ్లకీ, మా బాబాయి మోపెడ్‌కీ వెనక అంటించాడు. మనకి ఎదుటిది కనిపించడం సగం భద్రత. మనం ఎదుటివాడికి కనిపించడం మిగతా సగం. ఆ రెండో సగానికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఈ ఆదివారం తీరికుంటే ఓ పని చెయ్యండి. చీకటి పడ్డాక బండిని గోడకెదురుగా పెట్టి డిప్పు వేసి చూడండి. వెలుగు అంచు ఎక్కడుందో కొలవండి. మీ ఇంట్లో అరవై దాటి రాత్రిళ్లు బండి నడిపేవాళ్లుంటే కంటి పరీక్షకి ఎప్పుడు వెళ్లారో అడగండి. ఇవాళ రాత్రి ఏ కాలవ గట్టు మీదో ఎవరి బాబాయో మోపెడ్ మీద ఎదురొస్తాడు. వేలితో ఆ చిన్న మీట ఒక్కసారి నొక్కండి చాలు. ఆయన ఇంటికి చేరతాడు.